పువ్వును మేయు ప్రాణులు

పువ్వును ముక్కుకడ నుంచుకొన్నప్పుడు ముక్కుకొనకు పచ్చని పొడి యొకటి అంటుట మనకందఱకు ననుభవమే. పువ్వులోని పొడి గనుక దానిని పుప్పొడి యనిరి. సంస్కృతమున పరాగమని పేరు. కవులు దానిని వసంతుడు చల్లు గంధపుబొడిగా వర్ణించిరి. వైద్యులు కొందఱికి వచ్చు తుమ్ములకును ఉబ్బసమునకును కారణమని కనుగొనిరి. ఈ రెండును గాక మూడవసంగతి యొకటి కలదు. పుప్పొడి యాహారము. దానిని తిని బ్రదుకు ప్రాణులు వేలకొలది జాతులున్నవి. పువ్వును కొఱుకు ప్రాణిని తోటవాడు దొంగ యనును. ఆ మాట యెంతవఱకు నిజమో నేడు కొంచెము విచారింతము.

ముందుగా పుప్పొడి యననేమో చూతము. పువ్వు నడుమ నిలుచు సన్నని కాడలకు కేసరములని పేరు. వాని తలలయందలి తిత్తులలో పుప్పొడి పండును. ప్రతి రేణువును మగబీజమును మోయు చిన్న భరిణె వంటిది. అది తనజాతి పువ్వుయొక్క కీలాగ్రముపై బడినచో, అచ్చటి తడిని పీల్చి, వెండ్రుకకంటె సన్నమైన గొట్టము నొకదానిని చాచును. ఆ గొట్టము అండాశయమువఱకు దిగిన పిమ్మటగాని గింజ కట్టదు. రేణువుల పరిమాణము జాతినిబట్టి మాఱుచుండును. గుమ్మడిపువ్వు రేణువు మిల్లీమీటరులో ఇంచుమించు అయిదవవంతు. చూపు చక్కగా నున్నవారు దానిని విడిగా చూడగలరు. మిల్లీమీటరులో నూఱవవంతైన లేని రేణువులును గలవు.

ఈ భరిణె పైపెంకు మిక్కిలి గట్టిది. అనేకామ్లములకు కరగదు. చెఱువుల యడుగుబురదలో వేలయేండ్లు, శిలలలో కోట్లయేండ్లు చెడక నిలుచును. పెంకుమీది ముండ్లను, గీతలను, రంధ్రములను చూచి అది యే చెట్టు పుప్పొడియో చెప్పవచ్చును. ఒకచోట పూర్వము అడవి యుండెనో, బీడుండెనో, పైరుండెనో పరిశోధకులు ఈ విధముగనే తెలిసికొనుచున్నారు.

పెంకులోపల నున్నది మంచి భోజనము. ఎండిన పుప్పొడిలో సాధారణముగా నూటికి 10 మొదలు 40 పాళ్లవఱకు మాంసకృత్తులుండును. మన కందిపప్పులో నుండునవి 22 పాళ్లు. క్రొవ్వులు, లవణములు, విటమినులు వేఱు. అందువలన దీనిని తినుటకు ప్రాణులు అనేకోపాయములను పన్నినవి. తేనెటీగ రేణువును నమలదు. కడుపులోని రసములు పెంకుయొక్క రంధ్రములగుండ లోనిసారమును వెలికి తెచ్చును. అమెరికాఖండపు ఉష్ణమండలారణ్యములలో ఒక తెగ సీతాకోకచిలుకలు గలవు. అవి పుప్పొడిని తొండముపై ముద్దగా చేర్చి, ఉమ్మితో నానబెట్టి, ఊరిన సారమును పీల్చును. తక్కిన సీతాకోకచిలుకలు తేనెమాత్రము త్రాగి కొన్నివారములలో చనిపోవుచుండగా, ఇవి నెలలకొలది జీవించును. ఆస్ట్రేలియా నైరృతిభాగమున చుంచెలుక పాటి జంతువొకటి, కంగారువలె పిల్లను సంచిలో మోయునది, తేనెను పుప్పొడిని తప్ప వేఱేమియు తినదు. దాని పండ్లు పేరునకు మాత్రమే యున్నవి. నాలుక మాత్రము కుంచెవలె నుండును.

ఇక చెట్టుపక్షము విందము. చెట్టు నడవజాలదు. తన పుప్పొడిని వేఱొక చెట్టునకు పంపుటకు దానికి దూత కావలయును. మొక్కజొన్న గాలిని నమ్ముకొన్నది. గాలికి గుఱి లేదు గనుక లక్షలకొలది రేణువులను వెదజల్లవలసి వచ్చును. అందు మిక్కిలి స్వల్పభాగమే చేరవలసినచోటికి చేరును. ప్రాణిని నమ్ముకొన్న చెట్టునకు ఇంత వ్యయము లేదు గాని వేఱొక చిక్కు కలదు. పుప్పొడి తినవచ్చిన ప్రాణి పుప్పొడినంతయు తినివేసినచో చెట్టునకు మిగులునదేమి? కావున చెట్టు కొంత పోగొట్టుకొని కొంత పంపుకొనవలయును. తేనెయనునది ఈ వ్యయమును తగ్గించుకొనుటకు వచ్చినదని శాస్త్రజ్ఞులు కొందఱి యూహ. చక్కెరనీరు చెట్టునకు చౌక, మాంసకృత్తులు ప్రియము. తేనెటీగల పూర్వులు పురుగులను వేటాడి తెచ్చి పిల్లలకు పెట్టు కందిరీగలు. 12 కోట్ల సంవత్సరములకు పూర్వమో, ఆ ప్రాంతముననో, వానిలో కొన్ని వేట మాని పిల్లలకు పుప్పొడి పెట్టుట నేర్చెను. నేడు శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన ఈగజాతులు 20,000 పైబడినవి.

ఈ రహస్యమును మొదట విపులముగా గ్రంథస్థము చేసినవాడు జర్మనీదేశమున స్పాండౌ పట్టణపు బడిపంతులు, క్రిస్టియన్ కాన్రాడ్ స్ప్రెంగెల్. ఆయన పొలములవెంట తిరిగి 460 జాతులకు పైగా పువ్వులను పరిశీలించి 1793 లో ఒక గ్రంథమును ప్రకటించెను. పువ్వు రంగు, వాసన, రేకులమీది చారలు, ఇవన్నియు పురుగును తేనెకడకు నడిపించుటకే యనియు, పురుగు తన తిండికై వచ్చి తా నెఱుంగకయే పుప్పొడిని మోయుననియు ఆయన చెప్పెను. ఆకాలపు పండితులు దానిని లక్ష్యపెట్టలేదు. మరుసటియేడు ఆయన యుద్యోగము పోయెను. 1816 లో ఆయన చనిపోయిన చాలకాలమునకు డార్వినుగారు ఆ గ్రంథము నెత్తి చూపి మెచ్చుకొనినపిదపగాని లోకము దానిని గుర్తింపలేదు.

దూరదేశపు కథ లటుండ, మన పెరటిలోని వంగచెట్టును చూడుడు. ఊదారంగు పువ్వు నడుమ పసుపుపచ్చని కేసరములు గుంపుగా కూడి కొననిలిచి యుండును. ఈ పువ్వులో తేనె లేదు. వచ్చినవానికి ఇచ్చునది పుప్పొడి యొక్కటే. అదియు సులభముగ దొరకదు. తక్కిన పువ్వులలో తిత్తి నిలువున పగులును. వంగపువ్వులో కేసరముకొన నున్న సన్నని రంధ్రములగుండ మాత్రమే పొడి రావలయును. విబూదిబుఱ్ఱను కదలించినగాని విబూది రాలనట్లే, ఈ కేసరమును గట్టిగ కదలించినగాని పుప్పొడి రాలదు. తేనెటీగకు ఆ విద్య రాదు. వచ్చి చుట్టును వెదకి, రాలిపడిన దేమైన నున్న ఏరుకొని పోవును.

ఆ విద్య వచ్చినది తుమ్మెదకు. మన తుమ్మెద యనగా ఎండుదూలములను, వెదుళ్లను తొలిచి గూడు కట్టుకొను పెద్ద నల్లని యీగ. అది వంగపువ్వును కాళ్లతో కౌగిలించి, దవడలతో కేసరములను పట్టి, రెక్కలను మడిచి, ఎగురుటకు పనికివచ్చు కండరములను మాత్రము వడకించును. సెకనుకు వందలకొలది పర్యాయములు కలుగు ఆ కంపనము కేసరములకు సోకి, పుప్పొడి పొగవలె చిమ్మి దాని కడుపుపై పడును. తుమ్మెద దానిని కాళ్లతో దువ్వుకొని గూటికి గొనిపోవును. కాళ్లకందని చోట మిగిలిన పొడియే తరువాతి పువ్వునకు చేరును. నేను వంగమడిలో కూర్చుండి వినియున్నాను. ఎగురునప్పటి మ్రోత యొకటి. పువ్వుమీద వ్రాలినంతనే వినబడు సన్నని గీపెట్టుడు వేఱొకటి. కవులు తుమ్మెద పాటను తేనెత్రాగిన మైకముగా చెప్పుదురు. ఈ పువ్వులో తేనెయే లేదు గదా!

వంగకు గాలి యూపునకు సహితము కొన్ని కాయలు పట్టును గాని ఇట్టి యీగలు తిరుగు మడిలో కాపు మెఱుగు. టొమాటో పువ్వు నిర్మాణమును ఇంచుమించు ఇట్టిదే. ఐరోపాలో గాజుటిండ్లలో టొమాటో పండించువారు మొదట కూలివాండ్రచే కంపించు కఱ్ఱలతో ప్రతిగుత్తిని తాకించుచుండెడివారు. 1980 తరువాత బొద్దుటీగలను పెట్టెలలో పెంచి అమ్ముట మొదలై ఆ కూలి తప్పినది. మనవారు తుమ్మెద దూలమును తొలుచుచున్నదని దాని కన్నమును మట్టితో మూయుదురు. దూలమునకు చేటగుట నిజమే, నేను కాదనను.

ఇంతకంటె పెద్దతీర్పు ఒక జంతువు విషయమున తప్పినది. అది గబ్బిలము.

గోదావరి కావలి మన్యములోను, ఆదిలాబాదు అడవులలోను ఇప్పచెట్టు కోయలకు, గోండులకు ఎంతముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు. మార్చి, ఏప్రిలు నెలలలో ఆకురాలిన కొమ్మలకొనల గుత్తులు గుత్తులుగా పూచును. పూరేకులు కూడి మీగడరంగు కండగల చిన్నబుడ్డివలె నుండును. ఎండబెట్టిన పువ్వులో సగమునకు మించి చక్కెరయే. తెల్లవాఱుసరికి ఆ బుడ్డులు నేలరాలును. ఆడువారు, పిల్లలు చీకటితో లేచి బుట్టలతో ఏరుకొందురు. ఎలుగుబంటి వచ్చును, జింక వచ్చును. ఆ రాలినవానిని తినువారివలన చెట్టునకు లాభమును లేదు, నష్టమును లేదు. వాని పని రాత్రియే ముగిసినది.

ఆ రాత్రి జరుగునది వినదగినది. ఇప్పమొగ్గ పూర్తిగా విచ్చకమునుపే కీలము బయటికి పొడుగుగా చాచుకొని యుండును. కేసరములు కండగల ఆ బుడ్డిలోపలి వైపున అంటియుండును. చీకటి పడగనే గబ్బిలములు వచ్చును. అందు మీటరునకు మించి రెక్కలు చాచు పెద్దగబ్బిలములును గలవు. అవి గుత్తిని కౌగిలించుకొని తీపిబుడ్డిని నోట లాగివేయును. కేసరములు మూతికి రాచుకొని పుప్పొడి బొచ్చునకు అంటును. బుడ్డి యూడివచ్చినను అండాశయము, కీలము కొమ్మకు నిలిచియే యుండును. గబ్బిలము వేఱొక చెట్టునకు పోయి, అచ్చట ముందుకు చాచియున్న కీలమునకు ఆ మూతిని రాయును. చెట్టు ఇచ్చినకూలి పువ్వే. పుచ్చుకొన్నవాడు పువ్వును తిని పోయెను. ఐనను కాయకు లోటు లేదు. కొన్ని నెలలకు ఆ కాయలనుండియే మన్యమువారు ఇప్పగింజలు తీసి నూనె ఆడింతురు.

రాత్రికి పదులకొలది కిలోమీటరులు తిరుగు ఈ జంతువును మన చట్టము ఎట్లు చూచినది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున, ఎలుక, కాకి సరసన, పండ్లుతిను గబ్బిలములను హానికర జంతువుల పట్టికలో చేర్చిరి. ఆ పట్టికలోని జంతువును ఎవరైన చంపవచ్చును. యాబదియేండ్లు ఆ వ్రాత నిలిచెను. 2022 నాటి సవరణచే ఆ పట్టికయే తొలగినది. జామతోటవాని నష్టము కల్ల యని నేననను. పండినకాయపై వల కప్పుకొనుట అతని హక్కు. కాని నష్టమునొక్కదానినే లెక్కించి పట్టిక వ్రాసినవారు ఇప్ప, బూరుగ మొదలగు చెట్ల లెక్కను చూడలేదని మాత్రము చెప్పవలసియున్నది. తూర్పుకనుమల పువ్వులకు ఏయే ప్రాణులు వచ్చుచున్నవో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సి. సుబ్బారెడ్డిగారు, ఏ. జె. సాల్మన్ రాజుగారు మొదలైనవారు ఏండ్లతరబడి పరిశోధించి వ్రాసిరి. అట్టి లెక్కలు చూచినప్పుడు కాకికిని గోరువంకకును ఉడుతకును సైతము బూరుగపువ్వుకడ కొంత పని యున్నట్లు తేలును.

మేడిపండులో పురుగులుండునను సంగతి తెలుగుబాలురు బడిలోనే నేర్తురు. ఆ పురుగు లేకున్న మేడిచెట్టునకు గింజయే లేదని మాత్రము ఆ పాఠములో చెప్పరు. మేడికాయ నిజమునకు కాయ కాదు. వందలకొలది చిన్నపువ్వులను లోపలికి తిప్పి మూసిన సంచి. రెండుమిల్లీమీటరుల పొడవైన లేని కందిరీగ యొకటి, రొమ్ముక్రింది చిన్నసంచులలో పుప్పొడిని మోసికొని, సంచినోటిలోని యిఱుకుసందున రెక్కలు తెగిపోవుచుండగా లోన దూఱును. కొన్ని పువ్వులలో గ్రుడ్లు పెట్టును, తెచ్చిన పుప్పొడిని పువ్వులపై ఉంచును, అందే చనిపోవును. గ్రుడ్లుపెట్టిన పువ్వులు పిల్లలకు తిండియగును. తక్కినవి గింజలగును. పిల్లలలో రెక్కలులేని మగవి ముందు వెలువడి, ఆడువానిని కూడి, గోడకు బెజ్జము చేసి లోపలనే చచ్చును. ఆడువి అప్పటికి పక్వమైన మగపువ్వులనుండి పుప్పొడిని సంచులలో నింపుకొని ఆ బెజ్జమున వెడలిపోవును.

పువ్వుతిను పురుగును మనుష్యులే వెల పెట్టి తెప్పించుకొన్న కథయు నున్నది. ఆయిల్ పామ్ స్వస్థానము పశ్చిమాఫ్రికా. మలయాదేశమున దానిని వేలయెకరములలో నాటిరి గాని గెలలు సరిగా నిండవయ్యెను. ఆ చెట్టుకు గాలియే దూత యని అప్పటి నమ్మకము. కూలివాండ్రచేత ప్రతి ఆడుగెలకు పుప్పొడిని చల్లించుచుండిరి. కామెరూన్‌లో పనిచేసివచ్చిన లెస్లీ డేవిడ్సన్ అను తోటల యధికారికి అచ్చటి పువ్వులపై ముసురు చిన్నపురుగులు జ్ఞప్తికి వచ్చెను. రహమాన్ సయ్యద్ అను కీటకశాస్త్రజ్ఞుడు ఆఫ్రికాకు పోయి పరీక్షించి ఒక ముక్కుపురుగును పట్టెను. అది మగగెలలోని పుప్పొడిని తినును. వాడిన మగపువ్వులలోనే గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు ఆ పువ్వులనే తొలిచి పెరుగును. ఆడుగెల విచ్చినప్పుడు మగగెల వాసనయే కొట్టును. పురుగు మోసపోయి వచ్చి, తినుటకేమియు లేక, ఒంటినున్న పొడిని వదలి పోవును. 1981 లో ఆ పురుగును మలయాతోటలలో విడిచిరి. గెలలు నిండెను, చేతితో చల్లు కూలి నిలిచిపోయెను. 1985 లో దానిని కేరళకు తెచ్చిరి. తరువాత మన పశ్చిమగోదావరి తోటలకును అది చేరినది. ఏలూరునకు దాపున పెదవేగియందు ఆయిల్ పామ్ పరిశోధనాలయ మున్నది.

నిజమైన దొంగలు లేరా? లేకేమి! వంగమడిలో అంతపని చేసిన తుమ్మెదయే పొడుగుగొట్టమువంటి పువ్వులకడ దొంగతనము చేయును: తొండము లోపలికి అందనప్పుడు మొదలుకడ చీల్చి తేనె త్రాగిపోవును, పుప్పొడి దాని ఒంటికి తగులదు. తేనెపిట్టయు మందారమును ఇట్లే ప్రక్కనుండి పొడుచుట చూచియుందురు. కందిచేలలో పూతకాలమున నల్లనివంటిపై నారింజరంగు పట్టీలుగల పెంకుపురుగులు వచ్చును. పూరేకులను, కేసరములను, అన్నిటిని కొఱికివేయును; చేతికి తగిలిన బొబ్బ లెక్కును. కంది రైతునకు ఇది శుద్ధదొంగ. ఐనను ఆ తెగపురుగుల పిల్లలు నేలలో మిడుతగ్రుడ్లను తిని పెరుగునని తెలిసినవాడు దానిపై తీర్పు చెప్పుటకు కొంచెము తడబడును. పూతపైనుండి చేతితో ఏఱి సబ్బునీటిలో వేయుట సులభోపాయము. చేతికి గుడ్డ చుట్టుకొనవలయును.

మందు చల్లు విషయమును చెప్పకున్న నీ ప్రసంగము అసంపూర్ణమగును. గుమ్మడి, దోస తీగలకు మగపువ్వు వేఱు, ఆడుపువ్వు వేఱు. గుమ్మడిపువ్వు తెల్లవాఱుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఆడుపువ్వునకు ఆయువు ఆ యొక్కపూటయే. ఆ పూటనే చల్లబడి యున్నదని రైతు మందుడబ్బా భుజమునకెత్తును. మందు తగిలిన యీగ గూటికి చేరదు, చేరిన పుప్పొడితోగూడ విషమును పిల్లలకు పెట్టును. పిందెలు పసుపువాఱి రాలుచున్నవని మరల మందు చల్లించిన రైతులను నేనెఱుంగుదును. గుమ్మడికి తప్పనిసరియైన మందును పువ్వులు ముడిచిన పిమ్మట, సాయంకాలమున చల్లవలయును. బీర, సొర పువ్వులు మాత్రము సాయంకాలమునే విచ్చి రాత్రి తిరుగు రెక్కపురుగులను పిలుచును. వానికి ఆ వేళ తగదు.

1969 లో నూనెపంటగా మనదేశమునకు వచ్చిన ప్రొద్దుతిరుగుడునకు ఈగలు చాలనిచోట, ఉదయము 8 మొదలు 11 గంటలలోపల పువ్వుచక్రమును పలుచని గుడ్డతో మెల్లగ రుద్దవలసినదని వ్యవసాయశాఖవారు సలహా నిచ్చుచున్నారు. అందుకు ఎకరమునకు ఎందఱు కూలివాండ్రు కావలయునో రైతునకే తెలియును. వంగమడికి తుమ్మెదలు కావలయునన్నచో ఇంతశ్రమ లేదు. బొటనవ్రేలిలావు ఎండువెదుళ్లను జేనెడు ముక్కలుగా, ఒకకొన కణుపు ఉండునట్లు కోసి, పది పండ్రెండింటిని కట్టగట్టి, వాన తడువని చూరుక్రింద అడ్డముగా వ్రేలగట్టవలయును. ఒకటి రెండు ఋతువులకు కొన్నింటి నోళ్లకడ రంపపుబొడి కనబడును. దూలమువైపు అవి అంతగా పోవు.